ఆరున్నర క్రీడ్‌మూర్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "లేళ్లకైనా లక్ష్యానికైనా ఆరున్నర క్రీడ్‌మూరే, తక్కినవన్నీ తాతల తూటాలు."

అవతారిక. అమెరికాలో ఆకులు రాలి, తెల్లతోక జింకల వేటకాలం దగ్గర పడగానే కొత్తగా రైఫిలు కొనబోయేవాడు ఒక మామూలు ప్రశ్న అడుగుతాడు. సెలవు రోజుల్లో వెయ్యి గజాల గురికీ, నవంబరులో జింకకూ ఒకే తుపాకీతో సరిపెట్టుకోవాలంటే ఏ తూటా మేలు? తుపాకుల అంగడిలో గల్లాపెట్టెకు చేరగిలబడిన పండితుడు కళ్లు అరమోడ్చి అనుగ్రహించే సూత్రమే పై వాక్యం. కర్త ఎవరో తెలియదు. అందరూ తమదే అంటారు గనక అపౌరుషేయమనుకోవచ్చు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథ సూరి తన వ్యాఖ్యలకు ముందు ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం పాటించడానికి ప్రయత్నిస్తాను.

ప్రతిపదార్థం. లేళ్లకు: స్పష్టం. లక్ష్యానికి: స్పష్టం. ఆరున్నర: ఇక్కడ ఆగాలి. గుండు వెడల్పు ఆరున్నర మిల్లీమీటర్లని లోకం నమ్ముతుంది. కొలిస్తే 6.71 తేలుతుంది. ఆరున్నర అన్నది గొట్టం లోపల మెలి తిరిగిన గాడుల నడుమ నిలిచిన గట్ల ఎడం. పక్క పెట్టెలోని 308 విన్‌చెస్టర్‌కు మాత్రం గుండు కొలతే పేరు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. 30-06లో ముప్పై గొట్టం కొలత, సున్నా ఆరు 1906వ సంవత్సరం. 30-30లో రెండో ముప్పై మొదట్లో దట్టించిన మందు తూకం. కొలబద్ద, పంచాంగం, తక్కెడ మూడూ ఒకే అలమరలో కాపురం ఉంటే, కొత్తవాడు పెద్ద అంకె చూసి పెద్ద తూటా అనుకోవడం వాడి తప్పెలా అవుతుంది? ఆ తూకానికి వాడే గ్రెయిన్ అంటే ఒకప్పటి యవగింజ బరువు. క్రీడ్‌మూర్‌లో పెట్టే 140 గ్రెయిన్ల గుండు తొమ్మిది గ్రాములు. మన కంసాలి తక్కెడలో సుమారు 75 గురిగింజలు. గురికి గురిగింజే తగిన తూనిక అని శ్లేష. తన కింది నలుపు తానెరగని గింజ కూడా అదే కాబట్టి పండితుడి పరంగానూ ఈ శ్లేష సార్థకం.

ఇక సమాసం. సంఖ్య ముందుంది కదా, ద్విగువు అందామా? క్రీడ్‌మూర్లు ఆరున్నర లేవు, లోకానికంతా ఒక్కటే. న్యూయార్కు నగరం క్వీన్స్ ప్రాంతంలో క్రీడ్ అనే కుటుంబం వారి పొలం అది. 1873లో అక్కడ దూరపు గురి మైదానం తెరిచారు. 1874 సెప్టెంబరులో ఐర్లండు జట్టు సముద్రం దాటి వచ్చి 800, 900, 1000 గజాల మీద అమెరికా వాళ్లతో తలపడింది. ఐర్లండు వాళ్లవి మూతి నుంచి మందు కూరే తుపాకులు. అమెరికా వాళ్లవి వెనక నుంచి తూటా పెట్టేవి. తుపాకీ గొప్పదా మనిషి గొప్పవాడా అనే చర్చకు ఇంతకన్నా మంచి వేదిక ఉండదు. ఫలితం 934కు 931, అమెరికా గెలిచింది. కానీ ఐర్లండు ఆటగాడు మిల్నర్ ఒక గుండును సరిగ్గా నట్టనడుమ దించాడు, పక్కవాడి లక్ష్యం మీద. నడిమికి నాలుగు మార్కులు, ఓడింది మూడింటితో. మందూ గుండూ గాలీ అన్నీ సహకరించాయి, చూపు ఒక్కటే పక్కకు పోయింది. తర్వాత ఆ మైదానం రాష్ట్ర ప్రభుత్వం చేతికి పోయి, 1912లో అక్కడ మానసిక చికిత్సాలయం వెలిసింది. దీని మీద చమత్కరించడం వ్యాఖ్యాతకు తగదు. పాఠకులు కూడా నిగ్రహించుకోవాలి. 2007లో హోర్నడీ సంస్థ తన కొత్త తూటాకు ఈ పేరే పెట్టింది. అంటే 'తాతల తూటాలు' అని ఈసడించేవాడు పలికే పేరు ముత్తాతల పొలానిది. కొలత కూడా కొత్తది కాదు. అదే వెడల్పు గుండుతో స్వీడన్ వాళ్లు 1894 నుంచీ ఒక తూటా వాడుతున్నారు, జింకనే కాదు, దుప్పికి అన్న లాంటి మూస్‌ను కూడా దానితోనే కొట్టారు.

క్రీడ్‌మూరే: ఇందులో ఏకారం అవధారణార్థకం, మరొకటి పనికిరాదని. వాక్యంలోని డాంబికమంతా ఈ ఒక్క అచ్చులో ఉంది, దీన్నే పరీక్షించాలి. లక్ష్యం వరకు పండితుడి మాట చాలావరకు చెల్లుతుంది. వెయ్యి గజాలకు వెళ్లేసరికి గంటకు పది మైళ్ల అడ్డగాలి 168 గ్రెయిన్ల 308 గుండును ఎనిమిది అడుగులకు పైగా నెట్టేస్తే, సన్నగా పొడుగ్గా ఉండే క్రీడ్‌మూర్ గుండును ఆరడుగులకు అటూ ఇటూగా నెడుతుంది. కాగితం మీద ఇది గెలుపోటముల తేడా. కానీ జింకను కొట్టే దూరం సాధారణంగా రెండు వందల గజాల లోపు. అక్కడ అదే గాలికి రెండింటి మధ్య తేడా అంగుళం. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలు. ఆ అంగుళం కోసం ఇంట్లో ఉన్న తాతగారి 30-06ను ఎందుకు అమ్ముకోవాలి?

శంక: గాలికి తక్కువ చలించే గుండు వేటగాడి పొరపాటును కూడా కొంత కాయదా? సమాధానం: కాస్తుంది. అంతకన్నా ముఖ్యమైన గుణం మరొకటుంది. ఈ తూటా భుజాన్ని తక్కువ తన్నుతుంది. తన్నుకు జడిసి కళ్లు మూసుకుని మీట నొక్కేవాడికి ఎంత బలమైన మాగ్నమ్ తూటా అయినా మేలు చేయదు. జడవనివాడు ఎక్కువసార్లు సాధన చేస్తాడు. ఇది గట్టి హేతువు. కానీ 'నాకు దెబ్బ తగులుతుంది' అని ఒప్పుకోవాలి గనక పండితుడు దీన్ని ఎన్నడూ చెప్పడు, దశాంశాలే చెబుతాడు. మరో శంక: ఒకే తూటా రెండు పనులకూ చాలినప్పుడు సూత్రం నిజమే కదా? తూటా ఒకటే, లోపలి గుండు ఒకటి కాదు. పోటీ గుండు నేరుగా పోవడానికి చేసింది. వేట గుండు ఒంట్లో పుట్టగొడుగులా విచ్చుకోవడానికి చేసింది. పోటీ గుండ్లతో వేటాడవద్దని చాలామంది తయారీదార్లే చెబుతారు. సూత్రంలో ఆ మాటకు చోటు లేకపోయింది, 'తాతల తూటాలు' అన్న ఎగతాళికి మాత్రం దొరికింది.

కడపటి శంక: దూరంగా కొట్టగలిగే తూటా ఉండగా దూరంగా ఎందుకు కొట్టకూడదు? వెయ్యి గజాలు దాటడానికి గుండుకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. కాగితం ఆ ఒకటిన్నర సెకనూ ఉన్నచోటే ఉంటుంది, తప్పినా దానికి నొప్పి లేదు. ప్రతిపదార్థంలో స్పష్టమని విడిచిన లేడి అంతలో ఒక అడుగు వేస్తుంది. ఊపిరితిత్తులకు పంపిన గుండు పొట్టలో దిగుతుంది. ఆ లేడి చీకటి పడేదాకా పొదల్లో పడి ఉంటుంది.