తుడిచేసిన ముగ్గు

తెనాలిలో మా ఇంటికి అరుగు ఉండేది. మా నాన్న ఇంట్లో కంటే దాని మీదే ఎక్కువసేపు గడిపేవారు. అలాంటి ఇంట్లో పెరిగి, సింగపూర్‌లో ఇల్లు కొన్నాక నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

యీషున్‌లో మాది 1980లలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాకు, ఏడో అంతస్తు. పొడవాటి కారిడార్, వరుసగా ఇళ్లు. ప్రతి గుమ్మానికీ ముందు ఇనుప గేటు, వెనక చెక్క తలుపు. ఇక్కడ పాతకాపులు పగలంతా తలుపు తీసి, గేటుకు మాత్రం తాళం వేసుకుంటారు. వంటగది కిటికీ కూడా తెరిస్తే చాలు, కారిడార్ మీది గాలి ఇల్లంతా తిరిగి అటు వెళ్లిపోతుంది. భూమధ్యరేఖ పక్కన, ఏడాది పొడవునా ఉక్కపోసే ఊళ్లో, ఏసీలు రాకముందు జనం బతికింది ఆ గాలితోనే.

నేను తలుపు మూసేశాను. దారినపోయేవాళ్లకు మా హాలు కనిపించడం నామోషీ అనిపించింది. కిటికీకి మందపాటి బ్లైండ్స్, గేటుకు గుడ్డ, రాత్రింబవళ్లు ఏసీ. మళ్లీ ఆరుబయట కూర్చున్నట్టు ఉండాలని హాలు మూల ప్లాస్టిక్ గడ్డి పరిపించాను, ప్లాస్టిక్ వెదురు పెట్టించాను. ఐదు వేల డాలర్లు అయింది. అసలైన ఆరుబయలు అడుగు దూరంలోనే ఉంది.

అమ్మ మూడు నెలలకని వచ్చింది. రెండో రోజే తలుపు బార్లా తీసి, గేటు దగ్గరికి కుర్చీ లాక్కుంది. "పలకరించే మనిషి లేకుండా ఎట్లా ఉంటున్నావురా?" అంది. పక్కింటి మలయ్ పెద్దావిడను అందరూ మక్‌చిక్ అంటారు. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు మలయ్ రాదు. వారం తిరక్కుండానే ఆవిడ కుండీలోని కరివేపాకు మా ఇంటికీ, మా పులిహోర ఆవిడ ఇంటికీ నడిచాయి.

ఓ శుక్రవారం పొద్దున్నే అమ్మ గేటు ముందు బియ్యప్పిండితో ఏడు చుక్కల ముగ్గు పెట్టింది. నాకు గుండె గుభేలుమంది. కారిడార్ అందరిదీ. మంటలొస్తే జనం పరుగెత్తడానికి 1.2 మీటర్ల దారి వదలాలని నిబంధన. ఎవరైనా ఫిర్యాదు చేస్తే? చిటికెడు పిండి ఎవరి దారికి అడ్డమన్న ఆలోచనే రాలేదు. అమ్మ స్నానానికి వెళ్లగానే తడిగుడ్డతో తుడిచేశాను. వచ్చి చూసింది. ఏమీ అనలేదు. మళ్లీ ముగ్గు పెట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత మక్‌చిక్ ఆగి, నేల చూపించి నన్నడిగింది: "ఆ పువ్వు ఏమైంది? మా మనవడు దాన్ని తొక్కకూడదని పక్కనుంచి నడిచాడు. రోజూ వెతుకుతున్నాడు." నాకు నోట మాట రాలేదు.

ఆ ఆదివారం అమ్మను సెరంగూన్ రోడ్డుకు తీసుకెళ్లాను. పెరుమాళ్ గుడి నుంచి తిరిగొస్తూ పాత షాప్‌హౌస్‌ల ముందు నడుస్తున్నాం. అక్కడ ఇళ్ల ముందు పైకప్పుతో వరండా సాగిపోతుంది, ఫైవ్ ఫుట్ వే అంటారు. 1822లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ ఊరికి ప్లాను గీయించినప్పుడే ప్రతి ఇంటి ముందూ అలాంటి వరండా ఉండాలని, అది నడిచేవాళ్లకు ఎప్పుడూ తెరిచి ఉండాలని నియమం పెట్టాడు. "ఇది మన అరుగే కదరా" అంది అమ్మ. మా బ్లాకు కింద గోడల్లేకుండా వదిలిన వాయిడ్ డెక్ కూడా అలాంటిదే. ఒక ఇంటి పెళ్లికీ, మరో ఇంటి చావుకీ అక్కడే కుర్చీలు వేస్తారు. తొమ్మిదేళ్లు దాన్ని లిఫ్టుకు దారిగానే చూశాను.

ఎయిర్‌పోర్టులో అమ్మ లోపలికి వెళ్లబోతుంటే చెప్పేశాను, ఆ రోజు ముగ్గు తుడిచింది నేనేనని.

"తెలుసులేరా. గుడ్డ ఇంకా తడిగానే ఉంది" అంది.