ఎవరిని ఉంచాలె, ఎవరిని ఇడవాలె

లీగ్ దశలోనే ఇంటిదారి పట్టే జట్టుతో ఏ పేచీ ఉండదు. వాళ్లకు చేతగాలేదు, మనకు పనులున్నాయి. యాసంగి వరి కోతల్లో పడి మరిచిపోతాం. తంటా అంతా ఫైనల్ దాకా వచ్చి ఓడిన జట్టుతోనే. తిట్టబుద్ధి కాదు, తిట్టకుంటే అన్నం సయించదు. పనికిరాని జట్టయితే ఫైనల్ దాకా ఎట్లా వచ్చింది? పనికొచ్చేదయితే 113 పరుగులకే ఎట్లా చాప చుట్టింది? 2024 మే 26న చెపాక్‌లో ఐపీఎల్ ఫైనల్లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్ కోల్‌కతా చేతిలో ఓడినప్పటి నుంచి, మా లింగాల ఘనపూర్‌లో ఈ రెండు ప్రశ్నల మీద ఎంత చాయ్ ఖర్చయిందో హోటలాయనకే ఎరుక.

‘మన’ అని ఊరికే అనలేదు. యజమానులు చెన్నైవాళ్లు, కెప్టెన్ కమిన్స్ ఆస్ట్రేలియా, కోచ్ వెట్టోరి న్యూజిలాండ్. అయినా జనగామలో హైదరాబాద్ బస్సెక్కితే చార్మినార్ కంటే, సెక్రటేరియట్ కంటే ముందు మనకు తగిలేది ఉప్పల్. స్టేడియం అక్కడుంది కాబట్టి జట్టు మా రోడ్డు మీదిదే. ఈ వాదనలో లోపముంటే వెతకడానికి మా ఊళ్లో ఎవరికీ తీరిక లేదు.

ఆ ఏడు వాళ్లు ఆడిన ఆట అట్లాంటిట్లాంటిది కాదు. ముంబై మీద 277. బెంగళూరు మీద 287. ఢిల్లీ మీదైతే మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ పడకుండా 125. టీవీ ముందు కూసున్న ముసలోళ్లు కూడా ‘ఫోరేనా? సిక్సు కొట్టరాదా వీనికి’ అని విసుక్కునేదాకా వచ్చింది. అట్లాంటి జట్టు ఫైనల్లో టాస్ గెలిచి మరీ బ్యాటింగ్ తీసుకుంది. మొదటి ఓవర్లోనే స్టార్క్ బంతికి అభిషేక్ శర్మ బౌల్డ్, రెండు పరుగులు. రెండో ఓవర్ ఆఖరు బంతికి హెడ్ కీపర్‌కు చిక్కాడు. ఆయన ఆడింది ఆ ఒక్క బంతే. అందరికంటే ఎక్కువ కొట్టింది కమిన్స్, 24. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని కానిచ్చేసింది. రెండు జట్లూ కలిసి ఆడింది 29 ఓవర్లు. మిర్చి బజ్జీల రెండో వాయి దిగేసరికి తినేవాళ్లు లేరు.

ఆ రాత్రి ఊరి తీర్పు ఒక్కటే: అందర్నీ ఇడవాలె. మా కిరాణా కాకా అయితే వంటాయన్ని కూడా వదలలేదు. ‘ఫైనల్ నాడు ఏం పెట్టిండో ఏమో, ఒక్కడన్న నిలవడ్డడా?’

వేలానికి ముందు జట్లు తాము ఉంచేవాళ్ల జాబితా ఇవ్వడానికి ఆ ఏడు గడువు అక్టోబర్ 31. ఆ రోజే దీపావళి. లక్ష్మీపూజలకు దీపాలు ముట్టించే వేళకు టీవీలో కోట్ల లెక్కలు. ఒక్కో జట్టుకు 120 కోట్ల సంచి. భారత జట్టుకో మరో దేశానికో ఆడిన ఐదుగురిని ఉంచుకుంటే 18, 14, 11, 18, 14 కోట్ల చొప్పున మొత్తం 75 కోట్లు సంచిలోంచి పోతాయి. మనోళ్లు సరిగ్గా ఐదుగురిని ఉంచుకున్నారు. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, హెడ్‌కు 14, మన విశాఖ పిల్లగాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. కూడితే అదే 75. కాకా సిగరెట్ పెట్టె అట్ట చింపి, వెనక లెక్క రాసి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించాడు.

‘పదకొండును ఆరు జేసిన్రు. మిగిలిన ఐదు పెద్దోని పద్దెనిమిదిల కలిపిన్రు. అన్నదమ్ముల పంపకంల పెద్దోనికి బాయికాడి మడి, చిన్నోనికి చెలక ఇచ్చినట్టే ఉన్నది తమ్మీ.’

‘చెలకే గాని కాకా, వానికి అంతకుముందు ఉన్నది 20 లక్షలే’ అన్నాను.

కాకా అట్ట తిరగేసి చూశాడు. వెనకాల క్యాన్సర్ బొమ్మ ఉంది. ఇంకేం మాట్లాడలేదు.

ఊరంతా మండిపడ్డది పంపకం మీద కాదు, ఆ అభిషేక్, హెడ్ పేర్ల మీద. మొదటి రెండు ఓవర్లలో కొంప ముంచిన ఇద్దరికి 28 కోట్లా? ఇక్కడ నేను ఊరికి ఎదురు తిరిగాను. ఆ సీజన్లో హెడ్ కొట్టినవి 567, అభిషేక్ 484, సిక్సులు 42. ఈ ఇద్దరు లేకపోతే ఫైనల్ సంగతి దేవుడెరుగు, ఆ రోజు మనం చెపాక్‌లో కాదు, కల్లంలో ఉండేవాళ్లం. ఒక్క రాత్రికి మనుషుల్ని తీసేసుకుంటూ పోతే ఏ ఇంట్లోనూ అల్లుడు మిగలడు. పైసలున్నోళ్లు పెద్ద తెలివిగలోళ్లని నేనెప్పుడూ అనుకోను గానీ, ఆ ఇద్దర్నీ ఉంచుకోవడం దాకా వాళ్లదే రైటు.

నాకు కడుపు మండింది వేరే దగ్గర. భువనేశ్వర్ కుమార్ 2014 నుంచి ఈ జట్టులో ఉన్నాడు. 2016లో కప్పు గెలిచినప్పుడు ఉన్నాడు. 2016, 2017ల్లో వరుసగా రెండేళ్లు అందరికంటే ఎక్కువ వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ పెట్టుకున్నాడు. ఆయన్ని ఇడిసిపెట్టారు. వేలంలో 10.75 కోట్లకు బెంగళూరు తీసుకుంది. ఆ బెంగళూరు పద్దెనిమిదేళ్లు ఏడ్చి ఏడ్చి, 2025 జూన్ 3న మొదటిసారి కప్పెత్తింది. భువనేశ్వర్ చేతిలో మళ్లీ కప్పు. ఇదేమన్నా ఒక్కసారి జరిగిందా? 2022 సీజన్‌కు ముందు రషీద్ ఖాన్ మన జట్టుకు దూరమయ్యాడు. అదే ఏడు కొత్తగా పుట్టిన గుజరాత్‌కు ఆడి అక్కడ కప్పు గెలిచాడు. కప్పు కావాలనుకునే ఆటగాడు ముందు సన్‌రైజర్స్‌లో చేరాలి, తర్వాత వాళ్లతో ఇడిపించుకోవాలి. కోచింగ్ సెంటర్లలో ఈ ముక్క ఎందుకు చెప్పరో.

ఇంటి పిల్లగాడు సిరాజ్ కథ ఇంకా విడ్డూరం. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. 2017లో 2.6 కోట్లకు కొన్నారు, మరుసటేడు వదులుకున్నారు. 2024 అక్టోబర్‌లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ అయ్యాడు. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ తరఫున ఉప్పల్‌కు వచ్చి మనోళ్ల మీద 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. సొంత ఊరి డీఎస్పీ సొంత ఊళ్లోనే నలుగుర్ని లోపలేసినా ఎవరం ఏమనగలం? చప్పట్లు కొట్టాం.

ఫైనల్ ఓడి జట్టును సర్దుకోవడం వీళ్లకు కొత్తేం కాదు. 2018లోనూ ముంబైలో చెన్నై చేతిలో ఓడారు. వాట్సన్ ఒక్కడే 117 కొట్టి నాటౌట్. ఆ చలికాలమే శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గుర్ని తెచ్చుకున్నారు. విజయ్ శంకర్, షాబాజ్ నదీం, ఇంకో పద్దెనిమిదేళ్ల పిల్లగాడు. ‘అంత పెద్ద ధావన్‌ను ఇచ్చి ఈ పోరగాన్నా?’ అని అప్పుడూ చాయ్ ఖర్చయింది. ఆ కొసరు పిల్లగాడే అభిషేక్ శర్మ. అసలును మరిచిపోయాం, కొసరు మిగిలింది.

ఇగ వేలం. 2024 నవంబర్ 24, 25. జెడ్డాలో. మా దిక్కు జెడ్డా అంటే వీసాకు అప్పు చేసి పోయే ఊరు. అక్కడ కూసొని 25 లక్షల చొప్పున పెంచుకుంటూ పోతున్నారు. ఇక్కడ పత్తి ఏరే రోజులు. ఫోన్ నడుముకు కట్టిన ఒడిలో, పైన పత్తి, లోపల నుంచి వేలం అరుపులు. పొడుగు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు, అదీ తేమ 8 శాతం దాటకుంటే. దాటితే కోత, 12 దాటితే అసలే వద్దంటారు. ఇషాన్ కిషన్ 11.25 కోట్లు, హర్షల్ పటేల్ 8 కోట్లు, మహమ్మద్ షమీ 10 కోట్లు అని వినగానే పక్క సాలులోంచి మా చిన్నమ్మ నడుము నిలబెట్టుకొని అడిగింది.

‘గా షమీ అంటే మడిమెకు ఆపరేషనై ఏడాది పండుకున్నాయనే గదరా?’

‘ఆయనే.’

‘మరి తేమ పెట్టి చూసిన్రా?’

చూడనట్టుంది. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో షమీ 75 పరుగులు ఇచ్చుకున్నాడు. ఆ రాత్రి అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టి గట్టెక్కించాడు. సీజన్ ముగిశాక షమీని లక్నోకు పంపించారు. చిన్నమ్మను మాత్రం ఎవరూ సెలెక్టర్‌గా పిలవలేదు.

మిగతా సీజన్ తొందరగా చెప్పేస్తాను, అది కూడా తొందరగానే ఒడిసింది. మొదటి మ్యాచ్‌లో 286, ఇషాన్ కిషన్ సెంచరీ. ఈసారి 300 ఖాయమని అందరూ అన్నారు. 300 రాలేదు, ఆరో స్థానం వచ్చింది. ఇంటికి పోవడం ఖాయమయ్యాక, మే 25న, ఫైనల్ ఓడి ఏడాది నిండడానికి ఒక్క రోజు ముందు, అదే కోల్‌కతా మీద 278 కొట్టి 110 పరుగులతో గెలిచారు. మా కాకా టీవీ కట్టేస్తూ అన్నాడు: ‘పెండ్లి అయిపోయినంక బ్యాండు బాగ కొడుతున్నరు.’

ఇదంతా చూసి చూసి మా మేనబావకు ఒక ఆలోచన పుట్టింది. ఆయన మా ఊరి జట్టు కెప్టెన్. నేను స్కోరు రాస్తాను. పోయిన సంక్రాంతి టోర్నమెంట్లో వరి కోసిన మళ్లల్లో ఆడి, మేమూ ఫైనల్ ఓడాం. మరునాడే చింతచెట్టు కింద మీటింగ్ పెట్టాడు. ‘మనం గుడ రిటెన్షన్ చేద్దాం. ఉంచేటోళ్లను ఉంచుదాం, ఇడిసేటోళ్లను ఇడుద్దాం. మొహమాటం లేదు.’

మొదటి పేరు ఓపెనర్‌ది. మూడు మ్యాచ్‌ల్లో సున్నా. కానీ ఉన్న ఒక్క మంచి బ్యాటు వాడిది. వాణ్ని ఇడిస్తే మిగిలేది జీడికల్ జాతరలో కొన్న ప్లాస్టిక్ బ్యాటు. ఉంచాం. రెండో పేరు మిడాన్‌లో లడ్డూ లాంటి క్యాచ్ వదిలినవాడిది. జట్టును ఊరూరూ తిప్పేది వాడి ట్రాలీ ఆటో. ఉంచాం. కీపర్ చేతుల్లో బంతి ఆగదు గానీ, వాళ్ల బాయి మీది కరెంటుతోనే రాత్రి లైట్లు వెలుగుతాయి. ఉంచాం. ఉప్పల్ దిక్కు పని చేసుకుంటూ శనివారం రాత్రి బస్సులో వచ్చేవాళ్లను బావ విదేశీ ఆటగాళ్లుగా లెక్కగట్టి, ఐపీఎల్ లెక్క ప్రకారం నలుగురికి మించి ఆడొద్దన్నాడు. వాళ్లంతా వాట్సాప్ గ్రూప్‌లోంచి వెళ్లిపోయారు. తెల్లారి బావే ఒక్కొక్కరికి ఫోన్ చేసి బతిమాలి చేర్చుకున్నాడు. చందాలు వేసేది వాళ్లే.

ఒక బౌలర్‌ను పక్క ఊరికిచ్చి రెండు బంతులు, ఒక కీపర్ గ్లవుజుల జత తెచ్చుకుందామని బేరం కూడా పెట్టాడు. వాళ్లు సరేనన్నారు. బౌలర్ ఒప్పుకోలేదు. ‘గా ఊరికి ఆడితే మా నాయిన ఇంట్లకు రానియ్యడు బావా. మా అక్కనిచ్చింది ఆడనే. నేను అక్కడోళ్లను ఔట్ చేస్తె ఒక తంటా, చెయ్యకుంటె ఇంకో తంటా.’

పన్నెండో ఆటగాణ్ని తీసేద్దామని నేనన్నాను. వాడు ఆడడు కదా, బాధపడడు. సాయంత్రానికి వాళ్లమ్మ మా ఇంటికొచ్చి మా అమ్మ ముందు కూసుంది. ‘మా పోరడు మీకేం అన్నాలం జేసిండక్కా’ అని మొదలుపెట్టి, ఎనకటి పెండ్లిలో చీర పెట్టని ముచ్చట దాకా తెచ్చింది. రాత్రి అన్నం దగ్గర మా అమ్మ నాకు కూర వెయ్యలేదు.

ఆఖరుకు జాబితా తేలింది. పదకొండు మంది, పైన నలుగురు, అందర్నీ ఉంచాం. అయితే మీటింగ్ పెట్టినందుకు ఎవరో ఒకర్ని ఇడవకపోతే బావకు ఇజ్జత్ కా సవాల్. అందుకని అంపైర్‌ను ఇడిసిపెట్టాం. మంచాయన, ఒక్క తప్పు నిర్ణయం ఇచ్చింది లేదు. పని మీద ఎక్కడినుంచో వచ్చి మా ఊళ్లో కిరాయికుంటున్నాడు, చుట్టాలెవరూ లేరు.