మైనస్ నూట పదిలో మంకీ క్యాప్

మార్గశిరం వచ్చి తెల్లవారుజామున ఇరవై డిగ్రీలకు కాస్త కిందికి దిగిందంటే చాలు, మా కూచిపూడిలో మనుషుల ముఖాలు మాయమైపోతాయి. మంకీ క్యాపులు మాత్రం తిరుగుతుంటాయి. పాలకేంద్రం దగ్గర మనల్ని పలకరించింది ఎవరో గొంతు పోల్చుకుంటే గానీ తెలీదు. పిల్లాడు తుమ్మితే చలవ చేసిందంటాం. మోకాలు పట్టేస్తే చలిగాలి తగిలిందంటాం. రాత్రిపూట పెరుగన్నం తింటే జలుబు ఖాయమని మా అక్క శాసనం. ఇలాంటి జనానికి చలిని డబ్బులకు అమ్మాలన్న ఆలోచన పుట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఆ ధైర్యం మా మేనల్లుడికి ఉంది.

వాడు బెజవాడలో ఏదో వ్యాపారం చేస్తుంటాడు. ఏ వ్యాపారమో కన్నతల్లికే సరిగ్గా తెలీదు. మూడేళ్ళ కిందట నీళ్ళలో క్షారం కలిపే మిషన్లు, నిరుడు రాగి చెంబులు. మొన్న సంక్రాంతికి ఊరొచ్చి, అరిసె కొరుకుతూ, "మావయ్యా, మన ఊరికి అన్నీ ఉన్నాయి. ఒకటే లోటు" అన్నాడు.

రోడ్డు గుంతల సంగతేమో అనుకున్నాను.

"క్రయోథెరపీ" అన్నాడు.

జేబులోంచి నున్నటి కరపత్రం తీశాడు. బొమ్మలో ఒక కుర్రాడు నిక్కరు మీద నిలబడి ఉన్నాడు. చేతులకు తొడుగులు, కాళ్ళకు మందపాటి సాక్సులు, చుట్టూ పొగ. మన సినిమాల్లో దేవేంద్రుడి సభకు పెట్టే పొగ లాంటిదే. ఆ గదిలో మైనస్ 110 నుంచి మైనస్ 140 డిగ్రీల చలి ఉంటుందట. మూడు నిమిషాలు నిలబడి వస్తే చాలట. కండరాల నొప్పులు పోతాయి, నిద్ర పడుతుంది, కొవ్వు కరుగుతుంది, చర్మం మెరుస్తుంది, దిగులు తీరుతుంది, వయసు తగ్గుతుంది. తిరనాళ్ళలో పామును చూపించి తైలం అమ్మేవాడు కూడా ఇన్ని రోగాల పేర్లు ఒక్క గుక్కలో చెప్పలేడు.

"కూచిపూడికి దేశదేశాల నుంచి డాన్సు నేర్చుకోడానికి వస్తారు కదా మావయ్యా. రోజంతా అరమండిలో కూర్చుని జతులు తొక్కేవాళ్ళకు కాళ్ళ నొప్పులు రావూ? కళాపీఠం చుట్టుపక్కల ఒక గది చూపించు, చాలు."

మా పక్కింటి మాస్టారు అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నారు. ఎనభై దాటిన మనిషి. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడిన పాదాలు ఆయనవి. ఆ పాదాలు రోజూ ఆ వేళకు రాళ్ళుప్పు వేసిన వేడినీళ్ళ బేసిన్లో ఉంటాయి. మడమల మీద చర్మం ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంటుంది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో పోయింది, మళ్ళీ రాలేదు.

"నా మోకాళ్ళు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేడినీళ్ళ మతంలో ఉన్నాయి నాయనా. ఇప్పుడు మారమంటే ఒప్పుకోవు" అన్నారాయన.

మేనల్లుడు వదల్లేదు. గది కట్టడానికి డబ్బు ఎక్కువవుతుంది కాబట్టి మొదట నైట్రోజన్ పెట్టె తెస్తానన్నాడు. నిలువు పెట్టె. మనిషి లోపల నిలబడితే మెడ దాకా చలి, తల మాత్రం బయటికి ఉంటుంది.

"అంటే తెర వెనక సత్యభామ అన్నమాట. మరి జడ ఎటు వేస్తారు?" అన్నారు మాస్టారు.

"జడ ముడేసుకుని బయటే ఉంచుకోవాలి తాతగారూ. లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు. నగలు, వడ్డాణం, గజ్జెలు అన్నీ తీసేయాలి."

"అవన్నీ తీసేశాక భామలో ఇంక ఏం మిగిలిందిరా?"

నిజానికి ద్రవ నైట్రోజన్ మా ఊరివాళ్ళకు కొత్త కాదు. ఎదకొచ్చిన గేదెకు సూది వేయించాలని కబురు పెడితే గోపాలమిత్ర బండి వెనక ఒక క్యాను కట్టుకుని వస్తాడు. మూత తీయగానే తెల్లటి పొగ. అందులో ముర్రా దున్న వీర్యం సన్నటి గొట్టాల్లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. క్రయో అన్నది మా పశువుల పాకకు ఎప్పుడో వచ్చింది. మనుషుల దాకా రావడమే ఆలస్యమైంది.

ఇక్కడ ఒక్క మాట నవ్వకుండా చెప్పాలి. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది నిండితే ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. 2015లో అమెరికాలో లాస్ వేగాస్ దగ్గర ఇలాంటి కేంద్రంలో పనిచేసే ఒక యువతి, పని అయిపోయాక ఒంటరిగా పెట్టెలోకి దిగింది. మర్నాటి దాకా ఎవరూ చూడలేదు. మరుసటి ఏడు అక్కడి మందులూ వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఒళ్ళంతటికీ ఇచ్చే ఈ చలి చికిత్స యంత్రం ఒక్కదానికి కూడా తాము ఏ జబ్బు కోసమూ అనుమతి ఇవ్వలేదని ప్రజలకు చెప్పింది. మేనల్లుడి కరపత్రంలో ఈ రెండు సంగతులకూ చోటు చాల్లేదు.

ఈ వైద్యం పుట్టింది జపాన్‌లో. 1978లో తోషిమా యమావుచి అనే వైద్యుడు కీళ్ళవాతం రోగుల కోసం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి పోలండ్ వెళ్ళింది, ఆటగాళ్ళకు అంటుకుంది, ఆ తర్వాత సినిమావాళ్ళ ఫొటోల్లోకి దిగింది. అంతకు ఎంతో ముందే మనం చన్నీళ్ళలో కూర్చున్నాం లెండి. లీప్‌జిగ్‌లో లూయీ కూనే రాసిన జలచికిత్స పుస్తకాన్ని 1894లోనే వెంకటచలపతి శర్మ గారు తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూలకు అది చేరడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. గాంధీగారికి కూడా కూనే తొట్టిస్నానం మీద గురి. ఆ వైద్యానికి కావాల్సిన యంత్రమల్లా ఒక తొట్టి. తొట్టికి నెలవారీ వాయిదాలు లేవు కాబట్టి దాన్ని ఎవరూ కరపత్రంలో వేయరు.

మైనస్ 110 అనగానే గుండె జారుతుంది గానీ అదీ అంకెల గారడీయే. గాలి కంటే నీరు వేడిని పాతిక రెట్లు ఎక్కువగా లాగేస్తుంది. ఐసు గడ్డలు వేసిన నీళ్ళ తొట్టి మన ఒంట్లోంచి తీసుకునే వేడి ముందు, ఆ గదిలో మూడు నిమిషాల పొడిగాలి ఏపాటి? చర్మం గడ్డకట్టినట్టవుతుంది, లోపలి కండ పెద్దగా చల్లబడదు. చలికి నొప్పి కాసేపు తెలియదు, అది నిజం. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, అదీ నిజమే. మర్నాడు కండరాల నొప్పి తగ్గుతుందా అని, వైద్య పరీక్షల ఫలితాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2015లో లెక్కలు తీశారు. పనికొచ్చే పరీక్షలు నాలుగే దొరికాయి. అన్నిట్లో కలిపి మనుషులు 64 మంది. ఉపయోగం ఉందని చెప్పడానికి ఆధారం చాలదన్నారు. ఆ 64 మందిలో ఆడవాళ్ళు నలుగురే. మా కూచిపూడిలోనూ ఒకప్పుడు ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు గానీ, ఆడవాళ్ళ మోకాళ్ళ నొప్పులు కూడా తామే పడుతున్నామని మాత్రం ఎవరూ అనలేదు.

ఇంత చెప్పినా మేనల్లుడు నన్ను కారెక్కించాడు. "కళ్ళతో చూస్తే నమ్ముతావు మావయ్యా" అని పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ తీసుకెళ్ళాడు. ఏ కేంద్రమో చెప్పను. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో చలి అమ్ముకునేవాళ్ళ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. మూడు నిమిషాలకు వాళ్ళు చెప్పిన ధరతో మా అక్క రెండు నెలలు పాలు పోయించుకుంటుంది.

ముందు ఒక ఫారం ఇచ్చారు. కౌంటర్లో అమ్మాయి ఒక్కొక్కటే చదువుతూ టిక్కులు పెట్టింది.

"బీపీ ఉందా సార్?"

"ఉందమ్మా."

"గుండె సమస్య?"

"స్టెంటు ఒకటి."

"చలి పడదా?"

జేబులోంచి మంకీ క్యాప్ తీసి చూపించాను.

"సారీ సార్. మీకు చేయకూడదు."

"మరి ఎవరికి చేస్తారమ్మా?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి సార్" అంది, ఎంతో ఓపిగ్గా.

అరవై ఏళ్ళ నా జీవితంలో ఇంత నిజాయితీ గల వైద్యం చూడలేదు. జబ్బు ఉన్నవాడు గడప తొక్కకూడదు. జబ్బు లేనివాడు లోపలికెళ్ళి, ఆరోగ్యం కొనుక్కుని బయటికి రావాలి. ఫారం అడుగున, ఏం జరిగినా బాధ్యత నాదేనని సంతకం పెట్టే గీత. మా నాన్న ప్రామిసరీ నోటు మీద కూడా అంత చిన్న అక్షరాలు చూడలేదు.

నా బదులు మేనల్లుడే దిగాడు. అద్దంలోంచి చూస్తున్నాను. మొదటి నిమిషం ఠీవిగా నిలబడ్డాడు. రెండో నిమిషంలో మోచేతుల మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. మూడో నిమిషంలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి గెంతడం మొదలుపెట్టాడు. తాళం మటుకు తప్పింది. మాస్టారు చూసి ఉంటే కర్రతో తట్టేవారు. బయటికొచ్చేసరికి ఉడికిన రొయ్యలా ఎర్రబడ్డాడు.

"ఎలా ఉందిరా?"

"సూ... సూపర్ మావయ్యా" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే.

తిరుగుప్రయాణంలో ఉయ్యూరు రాగానే వాడే కారు ఆపించాడు. పొగలు కక్కే టీలు రెండు తాగి, మిరపకాయ బజ్జీలు నాలుగు తిని, "అబ్బ, ఇప్పుడు ప్రాణం సుఖంగా ఉంది" అన్నాడు. ఆ సుఖం ఏ పద్దులో రాయాలో నాకు తెలీలేదు. బజ్జీల ఖర్చు మటుకు నా పద్దులోనే పడింది.

దారిలో నాకు కైకలూరు గుర్తొచ్చింది. అక్కడ బొచ్చెలకూ శీలావతులకూ ఒళ్ళంతా చలి చికిత్స ఎప్పుడూ జరిగేదే. ఒక వరస చేప, ఒక వరస ఐసు, మళ్ళీ ఒక వరస చేప. హౌరా దాకా లారీలో అదే యోగనిద్ర. చర్మం మెరుస్తూనే దిగుతాయి, వయసు కూడా అక్కడే ఆగిపోతుంది, కోలుకున్న చేప గురించే ఇంకా వినలేదు. ఆ ట్రేలు సర్దే మనుషులు తెల్లవారుజాము నుంచి ఐసులో చేతులు పెట్టి పని చేస్తారు. వేళ్ళు మొద్దుబారితే గట్టు మీద మంట దగ్గరికొచ్చి కాచుకుని మళ్ళీ వెళ్తారు. అక్కడ దాన్ని థెరపీ అనరు, కూలి అంటారు. డబ్బు కూడా అటునుంచి ఇటు వస్తుంది.

ఇంటికొచ్చేసరికి మాస్టారు బేసిన్లో నీళ్ళు మార్పించుకుంటున్నారు. మేనల్లుడు ఏమనుకున్నాడో ఏమో, చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. "కాస్త జరగండి తాతగారూ" అని వాడి పాదాలు కూడా అందులోనే పెట్టాడు. గది మాట ఆ రోజుకి మళ్ళీ ఎత్తలేదు. ఉగాదికి ఎత్తుతాడు, నాకు తెలుసు.

మీ ఊళ్ళోకీ ఈ పెట్టె వచ్చి, మీకు బీపీ లేకపోయి, గుండె గట్టిదై, రెండు నెలల పాలడబ్బు మిగిలి ఉంటే తప్పకుండా వెళ్ళండి. సాక్సులు మాత్రం పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. 2011లో దక్షిణ కొరియాలోని దేగులో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలకు ముందు పరుగుల వీరుడు జస్టిన్ గాట్లిన్ చెమటకు తడిసిన సాక్సులతో ఇలాంటి చలి గదిలోకి వెళ్ళి, రెండు పాదాలూ మంచు దెబ్బకు బొబ్బలెక్కించుకుని బయటికొచ్చాడు.