పొట్టి పీట పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక:

"బ్యాంకాక్‌లో రోజుకెంతవుతుందండీ?" అని అడిగితే ఒక్క అంకె చెప్పేసేవాణ్ణి నమ్మకూడదు. ఒక వీధిలో ఒకడు యాభై, అరవై బాత్‌లకు కడుపునిండా తింటాడు. వాడి పక్క సందులో ఇంకొకడు ఐదువందలు పోసి అర్ధాకలితో లేస్తాడు. ఊరొకటే, అన్నమొకటే. మరి ఈ తేడా ఎక్కడిది? ఆగ్నేయాసియా నగరాలన్నిటికీ పనికొచ్చేలా ఈ చిక్కు విప్పబూని, ఒక అజ్ఞాత కవి ఆటవెలది చెప్పాడు. ఆ కవి ఎవరని ఈ వ్యాఖ్యాతను అడగవద్దని మనవి.

మూలం:

పీట యెంత పొట్టి బిల్లంత పొట్టిదౌ
గాజు తలుపు తీయ గల్ల నవ్వు
ముందువాని జూచి ముడుపిచ్చు వాడెపో
ఊరివాడు బేర మూరకేల

ప్రతిపదార్థం:

పీట = కూర్చోవడానికి వేసిన ప్లాస్టిక్ స్టూలు; ఎంత పొట్టి = ఎంత కురచదైతే; బిల్లు, అంత పొట్టిది, ఔ = అంత చిన్నదవుతుంది; గాజు తలుపు = అద్దాల తలుపును; తీయన్ = (ఎవరో మన కోసం) తెరవగా; గల్ల = గల్లాపెట్టె; నవ్వు = ఆనందిస్తుంది; ముందువానిఁ జూచి = తన ముందున్నవాడు ఎంతిచ్చాడో గమనించి; ముడుపు = చెల్లించవలసిన సొమ్ము; ఇచ్చువాడె పో = ఇచ్చేవాడే సుమా; ఊరివాడు = స్థానికుడు; బేరము, ఊరక, ఏల = వట్టి బేరాలెందుకు?

"గల్లా" అనాల్సిన చోట "గల్ల" అన్నాడేమిటని పండితులు ఆక్షేపించవచ్చు. ఛందస్సుతో బేరమాడి ఒక మాత్ర తగ్గించుకున్నాడు. ఆ పని కానిచ్చుకున్నాకే నాలుగో పాదంలో మనకు బేరం వద్దని చెప్పాడు. కవులింతే.

తాత్పర్యం:

ధర వస్తువుకు లేదు, దాన్ని తీసుకునే చోటుకుంది. ఊరివాళ్లు కూర్చునే చోట కూర్చుని, ఊరివాళ్లిచ్చినంతే ఇస్తే సరిపోతుంది.

విశేషాలు:

మొదటి పాదానికి ఆయువుపట్టు సైగాన్. కాగితాల మీద దాని పేరు హో చి మిన్ సిటీ. అక్కడి ఫుట్‌పాత్ మీద పీట అడుగెత్తు ఉంటే గొప్ప. ఎదురుగా దానికంటే కాస్త ఎత్తున్న ఇంకో పీట, అదే బల్ల. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. వెనక స్కూటర్లు చొక్కా అంచును రాసుకుంటూ పోతుంటాయి. పొగలు కక్కే ఫో (నూడుల్స్ పులుసు) గిన్నె వస్తుంది, దాంతోపాటు పచ్చి ఆకులు, మొలకలు, నిమ్మబద్ద, మిరప ముక్కలు. ఆకులు తుంచి వేసుకోవడం, నిమ్మకాయ పిండుకోవడం మన వంతు. గిన్నె సుమారు యాభై వేల డాంగ్‌లు. కంగారు పడక్కర్లేదు, రూపాయికి దాదాపు మూడువందల డాంగ్‌లు వస్తాయి కాబట్టి అది నూట డెబ్భై రూపాయలు దాటదు. అదే గిన్నె ఏసీ గదిలో వీపుకు ఆనుడున్న కుర్చీ దగ్గరికి వస్తే ఇంచుమించు రెట్టింపు. అంటే మనం కొన్నది ఆనుడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇరవై వేల నోటూ నీలమే, ఐదు లక్షల నోటూ నీలమే. చీకట్లో రంగు చూసి ఇచ్చేవాడికి ఏ పద్యమూ రక్ష కాదు.

కౌలాలంపూర్‌లో ఈ పాదం కొంచెం సడలుతుంది. మామక్ (తమిళ ముస్లిం) హోటళ్లలో కుర్చీలు మామూలు ఎత్తువే, అయినా రోటీ చనాయ్ రెండు రింగిట్‌ల చుట్టుపక్కలే దొరుకుతుంది. అర్ధరాత్రి దాటాక కూడా "అన్నే" (అన్నా) అని పిలిస్తే తే తారిక్ అనే నురగల టీ వస్తుంది. సింగపూర్ హాకర్ సెంటర్లలోనైతే పీటల్ని నేలకే బిగించేశారు, ధర కూడా అలాగే బిగిసి ఉంటుంది. చికెన్ రైస్ నాలుగైదు డాలర్లు. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో మరిచిపోయింది కాదు, మన రైల్లో సీటు మీద వేసిన తువ్వాలు. 2020లో యునెస్కో జాబితాకెక్కిన సంస్కృతి ఈ హాకర్ సెంటర్లది.

రెండో పాదం మీద శంక: 7-ఎలెవెన్‌కూ గాజు తలుపే కదా? బ్యాంకాక్‌లో అడుగడుగునా ఉన్న ఆ దుకాణంలో నీళ్లసీసా, వేడి శాండ్‌విచ్ చవగ్గానే దొరుకుతాయే? అశోక్ స్టేషన్ దగ్గర టెర్మినల్ 21 మాల్ పై అంతస్తులోని ఫుడ్‌కోర్టు రోడ్డు పక్క బండితో పోటీపడే ధరకు పెడుతుందే?

సమాధానం: కవి "తీయ" అన్నాడు. వాటంతటవే జరిగే తలుపులు ఇక్కడ లెక్కలోకి రావు. టోపీ పెట్టుకున్న మనిషి నమస్కారం చేసి తెరిచే తలుపు గురించే ఈ పాదం. ఆ నమస్కారం కూడా బిల్లులో చేరుతుంది.

మూడో పాదానికి లక్ష్యం మనీలా జీప్నీ బండి. ఎదురెదురు బెంచీల మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటారు. వెనక చివరున్నవాడు చిల్లర చాపి "బయాద్ పో" అంటాడు, అంటే "ఇదిగోనండి డబ్బులు" అని. ఆ చిల్లర చేతులు మారి డ్రైవరు దాకా పోతుంది, మిగతా పైసలు అదే దారిన వెనక్కి వస్తాయి. మధ్యలో ఎవడూ మింగడు. 2023లో పాత జీప్నీల కనీస ఛార్జీని 13 పెసోలు చేశారు. ఆ చిల్లర మన చేతిమీదుగా ఒకసారి పోతే చాలు, ఎంతివ్వాలో ఎవర్నీ అడగక్కర్లేదు. "వాడెపో"లోని "పో" కవి మనీలా వెళ్లొచ్చాడనడానికి ఆధారమని కొందరంటారు. ఆ వాదానికి ఈ వ్యాఖ్యాత అడ్డు చెప్పడు.

అయితే ఈ విధికి ఒక బాధకముంది. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో ముందువాడు థాయ్ పౌరుడైతే ఉచితంగా లోపలికి పోతాడు. వాణ్ణి చూసి నేర్చుకుని మనమూ పోబోతే ఐదువందల బాత్‌లంటారు. దేశంలో మరికొన్ని చోట్ల స్వదేశీ రుసుమును థాయ్ అంకెల్లోనే రాస్తారు, విదేశీ కంట్లో పడకుండా. కోపం రావచ్చు గానీ, మన తెలుగు అంకెల్లో రాస్తే మనవాళ్లలో ఎంతమందికి అర్థమవుతుంది?

నాలుగో పాదం కొంత పాతబడింది. టుక్‌టుక్‌వాడితో, సైగాన్ బెన్ థాన్ మార్కెట్ చీరల... కాదు, చొక్కాల దుకాణంతో ఇప్పటికీ బేరమాడాల్సిందే. మిగతా రవాణాలో ఆ సరదా గ్రాబ్ యాప్ వచ్చాక పోయింది. 2012లో మలేషియాలో పుట్టి, 2018లో ఉబర్ స్థానిక వ్యాపారాన్ని కలిపేసుకున్న కంపెనీ అది. ధర తెర మీదే కనిపిస్తుంది. వాన మొదలైతే పెరుగుతుంది. ఫోనుతో బేరమాడినవాడు ఇంతవరకు లేడు.

పరిమితి: ఈ పద్యం తిండికీ బండికీ మాత్రమే, గది అద్దెకు వర్తించదు. సింగపూర్ గది అద్దెకు జడిసి కొందరు కాజ్‌వే అవతల మలేషియాలోని జోహోర్ బహ్రూలో దిగి, రోజూ సరిహద్దు దాటుతారు. కిలోమీటరు పొడవు దారి, దాని రెండు కొసల్లో పాస్‌పోర్టు తనిఖీలు. తెల్లవారకముందే బస్సుల దగ్గర వరస కడతారు. ఆ వరసలో ముందున్నవాణ్ణి చూసి నేర్చుకునేదేమీ ఉండదు. వాడు పోయేది ఉద్యోగానికి, డాలర్లలో జీతం తెచ్చుకుని రింగిట్‌లలో ఖర్చుపెట్టడానికి.