అర వరుస శిక్ష, అరవై ఆరేళ్ల అర్జీ

అమెరికాలో సైనికుడు యూనిఫాం విప్పి బయటికొచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితం పెడతారు. దాని పేరు డీడీ 214. మన బడిలో ఇచ్చే టీసీ లాంటిదనుకోండి. టీసీలో 'నడవడిక' అని ఒక గడి ఉంటుంది కదా. ఎంత అల్లరి వెధవకైనా అందులో 'సంతృప్తికరం' అని రాసి, పీడ వదిలిందని పంపేస్తాడు హెడ్మాస్టరు. పెంటగాన్‌కు అంత పెద్ద మనసు లేదు. 24వ గడిలో సేవ ఏ రకానిదో రాస్తారు, 28వ గడిలో ఎందుకు పంపేశారో రాస్తారు. రెండూ కలిపినా ఒక వరుస నిండదు. ఆ సగం వరుసను మనిషి చచ్చేదాకా మోయాలి.

చాతుర్వర్ణ్యం మన ఒక్కరి సొత్తే అనుకుంటాం. అమెరికా సైన్యం ఇంకొకటి ఎక్కువే పెట్టుకుంది. పైమెట్టు 'హానరబుల్'. దాని కింద 'జనరల్', అంటే గౌరవమే గానీ ఒక మెట్టు దించేశారు. మూడోది 'అదర్ దాన్ హానరబుల్'. ఈ మాట కనిపెట్టిన గుమాస్తాకు వంగి దండం పెట్టాలి. గౌరవమనడు, అగౌరవమనీ అనడు. 'గౌరవం కాక మరొకటి' అంటాడు. ఆ మరొకటేమిటో మాత్రం చెప్పడు. అట్టడుగున ఉన్న 'బ్యాడ్ కాండక్ట్', 'డిసానరబుల్' అంటగట్టాలంటే కోర్టు మార్షల్ జరిపించాలి. మూడో మెట్టుకు ఆ తతంగం అక్కర్లేదు, దఫ్తరంలోనే పని కానిచ్చేయొచ్చు. ఆ ముద్రతో చదువుకిచ్చే డబ్బు పోతుంది. వెటరన్స్ ఆస్పత్రి గుమ్మంలో 'అసలు నువ్వు మాజీ సైనికుడివేనా' అని విచారణ మొదలవుతుంది. గ్రీన్ కార్డు చేతికి రాగానే పౌరసత్వానికి దగ్గరి దారి అని సైన్యం వైపు చూసే మన కుర్రాళ్లు ఈ తర్వాతి వాక్యం రెండుసార్లు చదువుకోవాలి. అలా సంపాదించిన పౌరసత్వాన్ని, ఐదేళ్ల గౌరవసేవ నిండకముందే ఈ ముద్ర పడితే, వెనక్కి లాక్కోవచ్చని అక్కడ చట్టముంది.

ఇదీ నయమే. 1916 నుంచి 1947 దాకా నీలిరంగు కాగితం మీద ఇచ్చే డిశ్చార్జి ఒకటుండేది. అది గౌరవమూ కాదు, అగౌరవమూ కాదు. మాజీ సైనికులకు సాయమిచ్చే 1944 నాటి చట్టం ఆ సాయం ఆపమన్నది 'డిసానరబుల్' వాళ్లకు. నీలి కాగితం ఆ కోవలోది కాదు. అయినా అది పట్టుకెళ్లిన చాలామందికి వెటరన్స్ శాఖ మొండిచెయ్యే చూపింది. 1941 డిసెంబరు నుంచి 1945 జూన్ దాకా సైన్యం పంచిన నీలి కాగితాలు 48,603. అందులో 10,806 నల్లజాతి సైనికులకు. సైన్యంలో వాళ్ల వాటా నూటికి ఆరున్నర, నీలి కాగితాల్లో 22. ఒక రంగు చూసి ఇంకో రంగు ఇచ్చారన్నమాట.

పంపేసేటప్పుడు ఓదార్పుగా చెప్పే మాట ఒకటుంది: "ముందు సంతకం పెట్టేయ్, ఆర్నెల్లు తిరిగేసరికి దానంతటదే మారిపోతుంది." ఎన్ని తరాల సైనికులు నమ్మారో ఈ మాట! ఆర్నెల్లు కాదు, ఆరు తరాలు గడిచినా దానంతటదేదీ మారదు. డీడీ 293 నింపి, 15 ఏళ్లలోపు డిశ్చార్జి రివ్యూ బోర్డుకు మొరపెట్టుకోవాలి. ఆ గడువు దాటితే డీడీ 149 నింపి రికార్డుల సవరణ బోర్డుకు పోవాలి. అక్కడేమో తప్పు కనిపెట్టిన నాటి నుంచి మూడేళ్లే గడువు. అదీ దాటిందా, న్యాయం కోసం నిన్నెందుకు మన్నించాలో నువ్వే రాయి అంటుంది ఫారం. తప్పు రాసినవాణ్ణి ఎవరూ సంజాయిషీ అడగరు. దిద్దమన్నవాడే ఆలస్యానికి క్షమాపణ చెప్పుకోవాలి.

వియత్నాం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు రాత్రుళ్లు నిద్రపట్టక తాగారు, కొట్లాడారు, చెప్పాపెట్టకుండా దండు వదిలి పోయారు. 'దుష్ప్రవర్తన' అని రాసి పంపేశారు. ఆ ప్రవర్తన వెనక జబ్బొకటి ఉండొచ్చని, దానికి పీటీఎస్‌డీ అని పేరుపెట్టి, అమెరికా మానసిక వైద్యులు తమ పుస్తకంలోకి ఎక్కించింది 1980లో. 1970లో బయటపడ్డవాణ్ణి బోర్డు ఏమడగాలి? అప్పటి డాక్టరు రాసిచ్చిన చీటీ ఏదీ అని అడిగింది! బారసాల కాని బిడ్డ పేరు హాజరుపట్టీలో చూపించమన్నట్టు. 2014లో రక్షణమంత్రి చక్ హేగెల్, తనూ వియత్నాంలో పోరాడినవాడే, ఇలాంటి అర్జీలను 'ఉదారంగా' చూడమని బోర్డులకు తాఖీదు పంపాడు. ఉదారమంటే ఏమిటో వాళ్లకు ఒక తాఖీదుతో బోధపడలేదు. 2016లో ఇంకోటి, 2017లో ఇంకోటి, 2018లో మరొకటి పంపాల్సొచ్చింది. క్షిపణి ఎలా పేల్చాలో ఒక్కసారి చెబితే అర్థమవుతుంది పాపం వాళ్లకు.

సరే, రుజువులు తెస్తాను, నా పాత ఫైలు ఇప్పించండి అంటాడు అర్జీదారు. ఇక్కడ కథ రక్తికడుతుంది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ శివార్లలోని సైనిక రికార్డుల భవనం అంటుకుంది. కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. నకళ్లు లేవు. మైక్రోఫిల్ము లేదు. కాలినవేవో తెలిపే పట్టికా లేదు. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ వదిలినవాళ్ల ఫైళ్లలో నూటికి 80 పోయాయి. వైమానిక దళానిది ఇంకా వింత. అక్షరక్రమంలో 'హబ్బర్డ్, జేమ్స్ ఇ.' తర్వాత వచ్చే పేర్ల మీద పడింది నిప్పు. ఆడమ్స్‌గా పుట్టినవాడు దేశసేవ చేసినట్టు లెక్క. విల్సన్‌గా పుట్టినవాడు చేశానని రుజువు చేసుకోవాలి. ఏరు దాటాక తెప్ప తగలేయడం మనకు సామెత. కావాలని తగలేశారని నేననను గానీ, వాళ్ల తెప్పకు వీధి పేరు, డోరు నంబరు కూడా ఉన్నాయి.

మనమూ మరీ నవ్వక్కర్లేదు. ఒకప్పటి మన ఆర్మీ చీఫ్ జనరల్ వి.కె. సింగ్ పుట్టింది 1950లోనా 1951లోనా అన్నది ఆయన సైన్యమే తేల్చలేకపోయింది. రెండు శాఖల్లో రెండు తారీఖులు. ఆయన సుప్రీంకోర్టు మెట్లెక్కి, 2012 ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకుని దిగొచ్చారు. సైన్యాధిపతి గతే అదైతే, ఇంటిపేరు ముందుందా వెనకుందా, భార్య లక్ష్మా లక్ష్మమ్మా అని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం బల్ల మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రిటైర్డు హవల్దారుకు దిక్కెవరు?

అమెరికాలో ఇప్పుడు ఈ డిశ్చార్జి ముద్రలు దిద్దించే పని లా కాలేజీ పిల్లలు భుజానికెత్తుకున్నారు. యేల్ యూనివర్సిటీ విద్యార్థులైతే ఆర్మీ మీదే దావా వేసి, పాత అర్జీలు తిరగదోడేలా చేశారు. ఒక సామ్రాజ్యం రాసిన అర వరుస దిద్దడానికి, సెమిస్టరు పరీక్షల మధ్య ఖాళీ చూసుకుని, జీతం లేని కుర్రకారు!

అన్నిటికీ తాతలాంటి కేసు ఒకటుంది. 1906 ఆగస్టులో ఒక రాత్రి టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊళ్లో కాల్పులు జరిగాయి. ఒక బార్ పనివాడు చనిపోయాడు. పక్కనే దండులో 25వ పదాతిదళానికి చెందిన నల్లజాతి సైనికులున్నారు. ఇంకేం, నేరస్తులు దొరికినట్టే. కాల్చిందెవరో చెప్పమన్నారు. మాకు తెలియదన్నారు వాళ్లు. తెలియదనడమే కుట్ర అన్నారు వీళ్లు. స్థానిక గ్రాండ్ జ్యూరీ ఒక్కరి మీదా నేరారోపణ చేయలేదు. అయినా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 167 మందిని, విచారణన్నది లేకుండా, 'గౌరవం లేకుండా' గెంటేశాడు. వాళ్లలో 20 ఏళ్లు దాటి కొలువు చేసినవాళ్లున్నారు. ఉత్తర్వు బయటపెట్టడానికి నవంబరు ఎన్నికలు ముగిసేదాకా ఆగాడు, నల్లవాళ్ల ఓట్లు కావాలి కదా. తర్వాతి నెలలో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. శాంతికి అంత అర్హుడు ఆ ఏడాది దొరకలేదు కాబోలు.

1972లో ఆర్మీ తప్పు ఒప్పుకుంది. అందరికీ 'హానరబుల్' ఇచ్చేసింది. పాత జీతాలు మాత్రం ఇవ్వనంది. అప్పటికి దాదాపు అందరూ పోయారు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు సమాధులకు గౌరవం దక్కింది. బతికి ఉన్నవాడు డార్సీ విల్లిస్. మినియాపొలిస్‌లోని ఒక క్షౌరశాలలో దశాబ్దాల తరబడి వచ్చేపోయేవాళ్ల బూట్లు పాలిష్ చేసి బతికాడు. 80 దాటిన ఆ ముసలాయనకు ప్రభుత్వం 25,000 డాలర్లు ఇచ్చింది. 66 ఏళ్లకు పంచి చూశాను. రోజుకో డాలరు, పైన నాలుగు సెంట్లు. ఆ క్షౌరశాలలో ఆయనకు రోజుకెంత టిప్పు వచ్చేదో ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే పోల్చి చూసేవాణ్ణి.