కరిగిన మంచునీటికి ఓ గొర్రెల రైతు బహిరంగ లేఖ

అమ్మా మంచునీటి తల్లీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. నువ్వు కులాసాగానే ఉన్నావని మా కొట్టం గుమ్మం చూస్తేనే తెలుస్తోంది. మా క్షేమం గురించే నీతో నాలుగు మాటలు మాట్లాడాలి.

నేను కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి. అక్కడ వరదంటే మబ్బు, గాలి, ఎగువన ఎత్తిన గేట్లు. ఇక్కడ, ఉత్తర డకోటా, మిన్నెసోటాల మధ్య రెడ్ రివర్ లోయలో, నువ్వు ఎండలో వస్తావు. మార్చి నెలాఖర్లో ఆకాశం నిర్మలంగా ఉండి, కోటు విప్పేద్దామా అనిపించే రోజునే గొర్రెలున్నవాడి గుండెలో రాయి పడుతుంది.

నీ పుట్టుపూర్వోత్తరాలు తెలియనివి కావు. ఈ లోయ వేల ఏళ్ల కిందటి అగాసీ అనే మహా సరస్సు అడుగు. నేలంతా పళ్లెంలా చదును. పైగా నది ఉత్తరానికి పారుతుంది. దక్షిణాన నువ్వు ముందే కరిగి బయలుదేరతావు, ఉత్తరాన ఐసు ఇంకా కదలదు. అందుకే 1997 ఏప్రిల్లో గ్రాండ్ ఫోర్క్స్ దగ్గర 54.35 అడుగులకు లేచి ఊరు ఖాళీ చేయించావు. చుట్టూ నీళ్లుండగానే నడిబజారులో భవనాలు తగలబడ్డాయి. 2009 మార్చి 28న ఫార్గోలో 40.84 అడుగులు తాకావు. నీకు భయపడి విన్నిపెగ్ వాళ్లు ఊరి చుట్టూ పెద్ద కాలవ తవ్వి 1968లో పూర్తిచేశారు. ఫార్గో కోసం ఇప్పుడు 30 మైళ్ల కాలవ తవ్వుతున్నారు. పెద్ద వరదొస్తే నిన్ను ఎగువ పొలాల్లో నిలబెట్టడం కూడా ఆ పథకంలో భాగమే.

నా ఫిర్యాదు నదిలో చేరాక నువ్వు చేసేదాని మీద కాదు, చేరకముందు చేసే ఆగడం మీద. ఇక్కడ మైలుకో రోడ్డు చొప్పున అడ్డంగా, నిలువుగా గట్లు వేసినట్టే ఉంటాయి. వాటి కింది తూముల్లో ఐసు బిగుసుకుపోయి ఉంటుంది. ఒక చదరం నిండగానే రోడ్డు మీదుగా పక్క చదరంలోకి దొర్లుతావు. ఆ దారిలో నిన్ను కొలిచే కొలబద్ద ఒక్కటీ లేదు. నది అడుగులు టీవీలో చెబుతారు. మా కొట్టంలోకొచ్చిన జానెడు నీళ్ల గురించి ఎవరు చెబుతారు? మమ్మల్ని ముంచడానికి ఆ జానెడు చాలు.

అదీ సరిగ్గా గొర్రెలు ఈనే రోజులు. చలికాలమంతా వాయవ్యపు గాలి ఎత్తిపోసిన మంచుగుట్ట కొట్టం చాటునే ఉంటుంది. అది పైన కరుగుతుంటే, కింద నేల గడ్డకట్టి ఉంది గనక చుక్క ఇంకదు. మధ్యాహ్నం దాటాక లోపలికొస్తావు. పరిచిన గడ్డి పైకి పొడిగానే కనిపిస్తుంది. పిల్లను తీద్దామని మోకాలు ఆనిస్తే చాలు, ప్యాంటులోకి చల్లగా ఊరతావు. పుట్టిన పిల్లకు ఒళ్లు ఆరకముందే వేడి దిగిపోతుంది. నోట్లో వేలు పెడితే చల్లగా తగులుతుంది. అలాంటి పిల్లకు ముందు వెచ్చదనం, తరవాతే ముర్రుపాలు. తల్లుల గిట్టలు నాని వేళ్ల సందుల్లో కుళ్లు పడుతుంది. రాత్రికి మళ్లీ గడ్డకడతావు, తెల్లారేసరికి చూడిగొర్రెలు దొడ్లో కాలు జారి పడతాయి. పోతూపోతూ పెంటదిబ్బను కడిగి బోరు వైపు తీసుకెళ్తావు. ఆ నీళ్లు పరీక్ష చేయించేదాకా నోట పెట్టలేం.

నువ్వు చెప్పాపెట్టకుండా వచ్చావని మాత్రం అనను. నెలల తరబడి కళ్లెదుటే గుట్టగా కూర్చున్నావు. మా కొట్టం మునగాలో వద్దో ఏప్రిల్లో కాదు, ఫిబ్రవరిలోనే తేలిపోతుంది. అందుకే ఆ నెలలోనే నిన్ను పారతో, ట్రాక్టరుతో పల్లం వైపు తోసేస్తాం. తూములను ఆవిరితో కరిగిస్తాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం నీరంటే సుమారు 2,360 లీటర్లు. అదంతా గుమ్మంలో పడకుండా చూరుకు గొట్టాలు కడతాం. గడ్డి కట్టలను చెక్క పలకల మీదికెత్తుతాం. ఈనే గొర్రెల కోసం గులకరాళ్లు పోసి మెరక చేసి ఉంచుతాం. ఊళ్లకు ప్రభుత్వం కాలవలు తవ్విస్తుంది, మాకు మాత్రం ఈ చిన్న పనులే. వీటి ఖర్చు మాదే, చాకిరీ మాదే.

నిన్ను రావొద్దనడం లేదు. మే నెలలో పచ్చిక లేవాలంటే నీ తడి కావాలి. పగలు కాస్త ఎండకు కరిగి, రాత్రి చలికి ఆగి, కొంచెం కొంచెంగా రా. వానను వెంటబెట్టుకుని మాత్రం రాకు. తూర్పు కాలవ శుభ్రం చేసి ఉంచాను, అటు నుంచి వెళ్లు. గుమ్మంలో అడుగుపెట్టావో, పారతోనే పలకరిస్తాను.

ఇట్లు,
రెడ్ రివర్ లోయలో ఒక చిన్న గొర్రెల రైతు