మరక అబ్బాయిది, ఉతుకుడు అమ్మది

ఆడపిల్లకు టీవీ చూడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. అందులో ఆడవాళ్లను ఎలా చూపిస్తున్నారో కనిపెట్టడం మాత్రం నేర్పాలి. దానికి పుస్తకాలు కొనే పని లేదు. ప్రకటనలు, సీరియళ్లు, సినిమాలు ఉండగా ఉదాహరణలకు కొదవేమిటి?

మొదటి పాఠం బట్టల సబ్బు. బురదలో ఆడేది అబ్బాయి, చొక్కా ఉతికేది అమ్మ, సబ్బులో ఏముందో వివరించేది తెల్లకోటు పెద్దమనిషి. రోజూ ఉతికే మనిషికి సబ్బు సంగతి తెలియదన్నమాట! పిల్లను అడగాల్సినవి మూడే: పని ఎవరిది, సలహా ఎవరిది, మెప్పు ఎవరికి? తర్వాత పాత్రలను తారుమారు చేయమనాలి. నాన్న ఉతుకుతుంటే అమ్మ సోఫాలో పేపరు తిరగేస్తోంది. నవ్వొచ్చిందా? ఎందుకొచ్చిందో తేలిస్తే పాఠం వచ్చినట్టే.

రెండోది రంగు. 1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము ప్రకటనల్లో ఉద్యోగం, పెళ్లి సంబంధం రెండూ ఒక్క ట్యూబులోనే దొరికేవి. చదువుకు, తెలివికి అందులో చోటు చాల్లేదు. 2020లో అది గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు పోయి మెరుపు వచ్చింది. ట్యూబు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మూడోది సీరియల్. అమెరికన్ కార్టూనిస్టు అలిసన్ బెక్‌డెల్ 1985లో ఒక కామిక్‌లో సినిమాకు మూడు షరతులు పెట్టింది: కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాకూడదు. మన సీరియల్ మొదటి రెండింట్లో డిస్టింక్షన్ కొడుతుంది. పట్టుచీరలతో వంటింట్లో తిరిగే అత్త, కోడలు, ఆడపడుచు అరగంట సేపు ఆగకుండా మాట్లాడతారు. అదంతా ఆఫీసుకెళ్లిన ఒకాయన గురించే. మూడో షరతు అడిగేలోపు ఉరుము ఉరుముతుంది, ఒక్కో ముఖం మూడేసి సార్లు కనిపిస్తుంది, మిగతాది రేపు.

నాలుగోది సినిమా. వద్దన్న అమ్మాయి వెంట పడటాన్ని 2013 నుంచి చట్టం నేరమంటోంది. సినిమా ఇంకా డ్యూయెట్ అంటోంది. కాబట్టి పాట మొదలవగానే పిల్లను ఒక్క మాట అడగాలి: ఆ అమ్మాయి ‘సరే’ అన్నది ఎప్పుడు?

నియమాలకేం, బోలెడున్నాయి. మహిళలను అసభ్యంగా చూపించకూడదని 1986లోనే చట్టం వచ్చింది. మూస పాత్రలు వద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2022లో మార్గదర్శకాలిచ్చింది. 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో కొబ్బరి తురిమే నాన్న బొమ్మ వేసింది. దేశమంతా వార్తయింది. తరతరాలుగా తురుముతున్న అమ్మల మీద ఏ విలేకరి కన్నూ పడలేదు.

ఈ చదువుతో చిక్కు ఒక్కటే. లెక్క నేర్చిన పిల్ల టీవీ కట్టేశాక కూడా లెక్కపెడుతుంది: అంట్లు ఎవరు తోముతున్నారు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటోంది అని. పిల్లకు పాఠం మొదలుపెట్టే ముందు, ఆ ప్రశ్నలకు జవాబులు పెద్దలు సిద్ధం చేసుకోవడం మంచిది.